పచ్చగాజుల మామిడికాయ

నా చిన్నప్పుడు కొల్లాపూర్‌లో మా పక్కింట్లో ఒకామె ఉండేది. ఉర్దూలో పిన్నిని పిలిచినట్టు అందరం ఆమెను ఖాలా అనేవాళ్ళం. గాజుల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది. మా నాయన ఒక మామిడితోటకు కాపలా ఉండేవాడు. ఒక ఎండాకాలం ఆయన జ్వరంతో పోయాడు. దినం నాడు మా అమ్మ చేతుల పచ్చగాజులు పగలగొట్టారు. అవి ఖాలా తొడిగినవే. అందరూ వెళ్ళాక నేను ఆ ముక్కలు ఏరి, గుడ్డలో మూటగట్టి, ఖాలా దగ్గరికి తీసుకుపోయి మళ్ళీ అతికించి ఇమ్మన్నాను.

“అతకయి బిడ్డా,” అన్నది. మూటను ఒళ్ళోకి తీసుకుని వేళ్ళతో తడిమింది. “కరిగిస్తే మాత్రం ఒకటైతయి. తొడుక్కునేది వద్దు. అమ్మ చేతిల పట్టుకునేది ఏదన్న చేద్దాం.”

నాయన కాసిన తోట నుంచి ఒక పచ్చి మామిడికాయ తెచ్చాను. మెత్తటి చెరువుమట్టిలో దాన్ని సగం దాకా అదిమి తీస్తే కాయ ఆకారంలో గుంట పడింది. అదే మా అచ్చు. నేను వెంటనే మూట విప్పబోతే ఖాలా నా చెయ్యి పట్టుకుంది.

“గీ అచ్చు మీద నాకే నమ్మకం లేదు. ముందుగాల నా బుట్టల పగిలినవి కాలని. మీ అమ్మ గాజులు మల్ల దొర్కయి.”

ఆ అచ్చు ఎండలోనే నెర్రెలిచ్చింది. మట్టిలో ఊక కలిపి ఇంకోటి చేసింది. కుమ్మరి తాతను బతిమాలి, ఆయన కుండలు కాల్చే వాములో ఒక మూలన పెట్టించింది. గాజు కరిగింది గానీ మట్టిని పట్టుకుని వదల్లేదు, గీకబోతే ముక్కలైంది. తర్వాతిది లోపల తడి ఆరకుండానే వాములోకి పోయి పగిలింది. గాజు కారి పక్కనున్న కుండకు అంటుకుంది.

“ఇగ సాలు తల్లీ, నా కుండలు ఖరాబైతున్నయి,” అన్నాడు తాత.

“ఇంకొక్కపారి కాకా. ఈసారి మంచిగ ఆరినంకనే తెస్త.”

తాత ఆమె మొహంలోకి చూశాడు. ఇంటి వెనక పడేసిన కుండపెంకుల కుప్ప చూపించి, “ఒట్టి మట్టి ఆరితే గుంజుకపోయి పగుల్తది. గివి దంచి కలుపు,” అన్నాడు.

దంచడం ఖాలా పని, జల్లెడ పట్టడం నా పని. పెంకుల పొడిలో కొద్దిగానే మట్టి కలిపి అచ్చు తీసింది. గాజు అంటుకోకుండా లోపల తెల్లసుద్ద పూసింది. నీడలో ఆరబెట్టి, రోజూ దాన్ని బుగ్గకు ఆనించుకునేది. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. ఈసారి వాములోంచి తీశాక అచ్చు పొడిపొడిగా రాలిపోయి, ఆమె బుట్టలోని ముక్కలు రంగురంగుల కాయై బయటికొచ్చాయి. అప్పుడు అలాంటిదే మరో అచ్చు చేసి, అమ్మ గాజుల మూట తెమ్మంది.

ఆ ముక్కలు అచ్చులో వేసి కాల్చాక, మంట ఆరిపోయినా ఖాలా వాము తెరవనివ్వలేదు. నేను ఏడ్చాను. “జర సబర్ పట్టు, ఓపిక ఉండాలె. వేడి మీద గాలి తగిల్తె పటుక్కుమంటది,” అన్నది.

నాయన పోయినప్పటి నుంచి అమ్మ గోడవైపు తిరిగి కూర్చునేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ పచ్చటి కాయను ఆమె అరచేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. తొడిమ గుంటలో బొటనవేలు పెట్టి చాలాసేపు రుద్దింది.

“మీ నాయన చూస్తే, ఇంక పచ్చిగనే ఉన్నదనేటోడు,” అన్నది.

కాసేపటికి లేచి మొహం కడుక్కుంది. తోటలో పని అడగడానికి బయల్దేరింది.

ఇప్పుడు నేను వనపర్తిలో ఉంటున్నాను. ముందుగదిలో చిన్న కరెంటు బట్టీ ఉంది. ప్లాస్టరులో సన్నటి ఇసుకపిండి కలిపి అచ్చులు పోసి, గాజు బొమ్మలు చేస్తాను. మొన్న ఒకామె వాళ్ళమ్మ వాడిన నూనె సీసా పగిలిన ముక్కలు తెచ్చి, రేపటికల్లా ఏదైనా చేసిపెట్టమంది.

“రేపటికి కాదు తల్లీ. ముందుగాల వేరే ఉత్త సీసా ముక్కలేసి అచ్చును చూస్కోవాలె,” అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. నేను మాట మార్చుకోలేదు. మళ్ళీ దొరకనిదాన్ని ఎవరైనా నమ్మి నా చేతిలో పెడితే, వాళ్ళ తొందరను గానీ నా తొందరను గానీ దాని దగ్గరికి రానివ్వను. అది నాకు ఖాలా నేర్పిన పని.