మేకుకు మిగిలిన బిళ్ల

చాచా పోయిన సంగతి చాచీ ఫోన్ చేసి చెప్పింది. బడిలో మొదటి పీరియడ్ పాఠం చెబుతున్నాను. "నీ చాచా పోయిండు బేటీ. పొద్దున చాయ్ తాగిండు, గంతే," అంది. నా నోట ముందుగా వచ్చిన మాట, "ఉత్తరానికి జవాబు వచ్చిందా?" అని. మనిషి పోయాడంటే అడగాల్సిన మాటేనా అది? చాచీ మాత్రం ఏమీ అనుకోలేదు. "రాలే," అంది.

ఆ ఉత్తరం సంగతి చెప్పాలంటే ముందు చాచా ఎవరో చెప్పాలి. మందమర్రి కాలనీలో మా క్వార్టరూ ఆయన క్వార్టరూ ఒకే గోడకు అటూ ఇటూ. చుట్టరికం లేదు, మా బాపుతో పాటు బొగ్గుగనిలో పనిచేశాడు కాబట్టి నాకు చాచా, ఆయన భార్య చాచీ. ఉద్యోగమంతా గని పైన ఉండే దీపాల గది, ల్యాంప్ రూంలోనే గడిచింది. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్లను అక్కడ మేకుకు తగిలించి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ల తీసుకుపోతాడు. మేకుకు బిళ్ల ఉందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. రిటైరైనా ఆయనకు ఆ అలవాటు పోలేదు. పెళ్లి బస్సు దిగినా అందరినీ ఒకసారి లెక్కపెట్టుకునేవాడు. మేం నవ్వితే, "నవ్వుండ్రి, నాదేం పోతది. అందరు దిగినంక నవ్వుండ్రి," అనేవాడు.

ఆయనకు సైన్స్ ఫిక్షన్ పిచ్చి అంటించింది నేనే. ఏడు భాగాల నవలికల వరుస ఒకటి రావడం మొదలైంది. మూడు నాలుగు నెలలకొక పల్చటి పుస్తకం. ఎక్కడో దూరాన ఒక మంచు చందమామ, దాని మీద ఒక గని, అందులోకి దిగిన పన్నెండుగురు మనుషులు. మొదటి భాగం మా బడి పిల్లల కోసం కొన్నాను. చాచాకు చూపు ఆనదు, కిందినుంచి వచ్చిన దీపాలు తుడిచీ తుడిచీ ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము పేరుకుని నాలుగడుగులు వేస్తే ఆయాసం. పొద్దుపోవడానికి చదివి వినిపిద్దామని తీసుకెళ్తే పది పేజీలకే ఆపమన్నాడు. "ఎంతమంది దిగిండ్రన్నవ్? జర పేర్లు జెప్పు మళ్ల."

మర్నాడు వెళ్లేసరికి ముందు గది గోడకు ఒక చెక్క, చెక్కకు పన్నెండు మేకులు, మేకులకు పన్నెండు సోడా మూతలు. ఒక్కో మూత మీద గోళ్ల రంగుతో ఒక్కో పేరు. ఈద్‌కు తెచ్చుకున్న సీసా అంతా అయిపోయిందని చాచీ రుసరుసలాడుతోంది.

అప్పటినుంచి నాకు తిప్పలే. మంచిర్యాల పుస్తకాల షాపువాళ్లు ఫోన్ చేయగానే పోయి తేవాలి. ఆలస్యమైతే నేనేదో దాచిపెట్టినట్టు నన్నే తిట్టేవాడు. "ఆడ గని కింద మనుషులు గాలి లేక పరేషాన్ అయితుంటే గా రాసెటాయనకు తీరిక దొర్కుతలేదా?" ఎవరైనా పైకొచ్చినట్టు చదివితే, గోడ పట్టుకుని నడిచి వెళ్లి వాళ్ల మూత తీసి డబ్బాలో వేసేవాడు. కథలో ఒకామె కిందనే చనిపోతే మూత ముట్టలేదు. "సచ్చినా పైకి రావాలె. వచ్చినంకనే బిళ్ల తీసుడు," అన్నాడు. రెండు భాగాల తర్వాత ఆమె శవాన్ని పైకి తెచ్చారు. ఆ రోజు తీశాడు.

మూడో భాగంలో పంపు నడిపే మనిషి నీళ్లు తోడడానికి అన్నిటికన్నా కింది గదికి ఒంటరిగా దిగాడు. నాలుగో భాగంలో అతని ఊసు లేదు, ఐదులోనూ లేదు. ఆరో భాగం చివర గని కప్పు కూలుతుంటే మిగిలినవాళ్లు తాళ్లు పట్టుకుని ఎక్కుతున్నారు, పంపు మనిషి పేరే రాలేదు. చాచా ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు కోపమొచ్చి, "కథే కదా చాచా, నిజమా ఏమన్నా?" అన్నాను. అప్పుడు చెప్పాడు, ఆ ఒక్కసారే.

వయసులో ఉన్నప్పుడు ఒక షిఫ్టు చివర మేకుకు ఒక్క బిళ్ల మిగిలిందట. పంపు ఆపరేటర్‌ది. పంపు దగ్గర మనిషి ఒక్కడే ఉంటాడు, రాకపోయినా పక్కన అడిగేవాళ్లుండరు. దీపం బల్ల మీద పడేసి బిళ్ల మరిచి ఇంటికి పోవడం అక్కడ మామూలే. అలాగే అనుకున్నాడు. "పేరు ముందర వచ్చిండని రాసి ఇంటికొచ్చిన. కడుపునిండ తిన్న బేటీ," అన్నాడు. ఆ మనిషి బండ కింద కాలు ఇరుక్కుని తర్వాతి షిఫ్టువాళ్లకు దొరికాడు. బతికాడు గానీ కాలు పోయింది. ఇది విని వంటింట్లో చాచీ గిన్నెలు తోమడం ఆపేసింది. ఆమెకూ అప్పుడే తెలిసిందనుకుంటాను.

ఏడో భాగం వచ్చేసరికి చాచా దవాఖానలో ఉన్నాడు, ముక్కుకు గొట్టం. ఇక రోజులే అన్నారు డాక్టరు. మంచిర్యాల నుంచి వచ్చే బస్సులో నిలబడే చివరి పేజీలు తిరగేశాను. "అందరూ పైకి వచ్చారు" అని ముగించాడు రచయిత. వేళ్ల మీద లెక్కపెట్టాను. మొత్తం పదకొండుగురే. మళ్లీ లెక్కపెట్టాను. పంపు మనిషిని ఆయన శుభ్రంగా మరిచిపోయాడు.

బస్సు దిగేలోపే నిశ్చయించుకున్నాను. చాచా మంచం పక్కన కూర్చుని పుస్తకమంతా చదివి, చివరి పేజీ చదివిన గొంతుతోనే నాలుగు వాక్యాలు కల్పించాను. అందరి వెనకా పంపు మనిషి కూడా వచ్చాడు, ఒళ్లంతా బురద, నవ్వుతున్నాడు. చాచా కళ్లు మూసుకుని విన్నాడు. గండం గడిచిందనుకున్నాను.

"దీపం ఎవలికిచ్చిండు?"

"ఆఁ?"

"పైకొచ్చినోడు దీపం ఇయ్యాలె గద. ఎవల చేతికిచ్చిండు?"

ఖాళీగా ఉన్న ఆఖరి కాగితం అటూ ఇటూ తిప్పాను. చాచా కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు.

"పుస్తకంల లేదు గద బేటీ."

"లేదు."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఊపిరి కూడదీసుకుని మెల్లగా అన్నాడు: "రానోన్ని వచ్చిండని జెప్పద్దు. నేను గదే జేసిన. ఇప్పుడు నువ్వు జేస్తున్నవ్."

తల కొట్టేసినట్టయింది. ఇది రాస్తుంటే ఇప్పుడూ అలాగే ఉంది.

"కాయితం దియ్యి," అన్నాడు. రచయితకు ఉత్తరం. చెప్పింది చెప్పినట్టు రాశాను: "అయ్యా, మీ పంపు మనిషి ఇంక కిందనే ఉన్నడు. మీరు మరిచిపోయిండ్రు. పంపు కాడోన్ని అందరు మరుస్తరు. తొందరగ పైకి తీయుండ్రి." కింద తన పేరు, పేరు పక్కన 'ల్యాంప్ రూం' అని రాయించాడు. ఆ సాయంత్రమే పోస్టు చేశాను. తర్వాత పట్టుబట్టి ఇంటికొచ్చేశాడు. రాగానే, ఏడో భాగంలో పైకొచ్చినవాళ్ల మూతలు చాచీ చేత తీయించాడు. ఎనిమిది రోజులున్నాడు. నేను గుమ్మంలో కనిపిస్తే చాలు, జవాబొచ్చిందా అన్నట్టు కనుబొమలు ఎగరేసేవాడు.

మొన్న పిల్లలను బాసర తీసుకెళ్లాను. గోదావరి మెట్ల మీద మూడుసార్లు లెక్కపెట్టి గానీ బస్సు కదలనివ్వలేదు. పిల్లలు నవ్వారు. నవ్వనిచ్చాను. బతుకుతెరువుకు నాకు ఇంత చదువు చెప్పినవాళ్లున్నారు గానీ, ఈ ఒక్కటి నేర్పింది మాత్రం చాచానే.

జియారత్ నాటి సంగతి ఒకటి మిగిలింది. ఆయన పోయిన మూడో రోజు, ఇల్లంతా జనం. ముందు గదిలో చాపలు పరుస్తూ చాచా తమ్ముడు గోడ మీది చెక్కను చూశాడు. "గీ మూతేంది భాభీ? తీసెయ్యనా?" అని చెయ్యి చాపాడు.

చాచీ చేతిలోని పళ్లెం కింద పెట్టి వచ్చింది. "ముట్టకు," అంది. "గా మనిషి ఇంక రాలే."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పదకొండు ఖాళీ మేకుల నడుమ ఆ ఒక్క మూతా ఫ్యాను గాలికి ఊగుతూ చెక్కకు తగులుతోంది.