తెల్ల చక్రాలు

ఏమీ తెలియని మూర్ఖుణ్ణి భరించవచ్చు. అన్నీ తెలుసనుకునే మూర్ఖుడి కింద పనిచెయ్యడం ఉంది చూశారూ, అది ఖర్మ. ఫిజీలో, నాడీ ఊరి దగ్గర నీళ్ల సీసాల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరినప్పుడు నాకా ఖర్మ పట్టింది. మా మేనేజరు తెలుగు సంఘానికి అధ్యక్షుడు కూడా. తెలుగు చదవడం రాదు గానీ శాలువా కప్పించుకోవడం బాగా వచ్చు.

ఒక ఏడాది, మనిషి తోలనక్కర్లేని బండ్లు తెప్పించాలనుకున్నారు. పెట్టెలు పైన పెడితే చాలు, వాటంతటవే గిడ్డంగిలోంచి ఏటవాలు దారిమీదుగా లారీల దగ్గరికి దిగుతాయి. ఆ దారి చివర గోడవారన నిలబడి పెట్టెలు అందుకునేది మా లోడరు, ఆ దీవుల మూలవాసి, ఫిజియను. కొండంత మనిషి, నెమ్మదైన మాట. బండి జారిందంటే పోయేవి అతని కాళ్లే.

చక్రాలు ఎంచడం నా పని. మా నేల సీసాలు కడిగిన నీళ్లతో ఎప్పుడూ తడే. గట్టి తెల్ల చక్రం చాలాకాలం మన్నుతుంది, మరక పెట్టదు, పొడినేల మీద బంగారం. తడి వాలులో మాత్రం జారుతుంది. గాళ్లున్న మెత్తటి నల్ల రబ్బరు తొందరగా అరుగుతుంది, గీతలు పెడుతుంది, కానీ నేలను పట్టుకుంటుంది. వానాకాలానికి చెప్పులు కొనే ఎవరినడిగినా చెబుతారు ఈ మాట.

"నల్లగీతలు పడితే ఫ్లోర్ ఖరాబ్ అయిపోతుందమ్మా," అన్నాడు మేనేజరు. "ఓపెనింగ్‌కి బడా బడా లోగ్ వస్తారు. ఫోటోలో తెలుపే అచ్ఛా."

"ఫోటో ఒక్కరోజే అన్నా. లోడరు రోజూ అక్కడ నిలబడాలి."

"నువ్వు హర్‌దమ్ ఉల్టా మాటే! బండికి కెమెరా ఉంది, బ్రేక్ ఉంది. ఫికర్ నై కరో."

బ్రేకు చక్రాన్నే ఆపుతుంది, బండిని ఆపేది నేలమీద పట్టు అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. తెల్లవే వచ్చాయి.

ప్రారంభం రోజు పూజ పెట్టించాడు. చక్రానికో నిమ్మకాయ. కొబ్బరికాయ సరిగ్గా ఆ ఏటవాలు మీదే కొట్టించాడు. హారతి హడావిడిలో దీపం నూనె కూడా ఒలికింది. నిమ్మకాయలు తొక్కించడాన్ని నేను వెక్కిరించను. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, మా ఊరు వునిమోలిలో, మా నాన్న తన చెరకు లారీకి అలాగే చేసేవాడు. కాకపోతే ఆ లారీ పొడి మట్టిమీద ఉండేది, దాని టైర్లకు గాళ్లుండేవి. నేను తుడుపుగుడ్డ తీసుకుని నూనె మీదికి వంగితే మేనేజరు దాన్ని లాగేసుకున్నాడు.

"పూజ చేసిన చోట పోంఛా పెడతావా? అపశకునం!"

బండి నిండు బరువుతో నిమ్మకాయలు తొక్కుకుంటూ దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. కెమెరా లోడరును చూసింది, బ్రేకు పడింది, చక్రాలు ఆగిపోయాయి. బండి ఆగలేదు. జారుకుంటూ వెళ్లి అతన్ని గోడకేసి నొక్కేసింది. మోకాలు విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

"దిష్టమ్మా, దిష్టి. ఎవరి కన్నో పడింది," అన్నాడు మేనేజరు.

ఛీ! మర్నాడు గుమ్మానికి గుమ్మడికాయ కట్టించాడు. తర్వాత నల్ల చక్రాలూ వచ్చాయి. తడినేలకు రబ్బరే మేలని తనే కనిపెట్టినట్టు సంఘం మీటింగులో ఉపన్యాసం కూడా ఇచ్చాడు మహానుభావుడు.

లోడరు మోకాలు మళ్లీ మడతపడలేదు. మొన్న వాళ్లమ్మాయి పెళ్లికి వెళ్లాం. యంగోనా వేరు కలిపిన మత్తునీళ్ల గిన్నె చుట్టూ అందరం చాపమీద కూర్చున్నాం, అతనొక్కడే కుర్చీమీద. కింద కూర్చున్నవాళ్లకంటే ఎత్తులో ఉండటం ఫిజియన్లలో పెద్ద తప్పు. అందుకని తాగే కొబ్బరిచిప్ప చేతికొచ్చిన ప్రతిసారీ తలవంచి "తులౌ" అంటున్నాడు, మన్నించమని. మేనేజరు అతని ఎదురుగానే బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. అతనికేసి కూడా తలవంచి "తులౌ" అన్నాడు లోడరు.

"కోయీ బాత్ నై," అన్నాడు మేనేజరు, ఫర్వాలేదన్నట్టు చెయ్యి ఊపి.