ఏ చేతికీ అందని వరస

మొన్న ఆదివారం మధ్యాహ్నం స్వోర్డ్స్ అనే ఊళ్ళోని మా ఇంట్లో పప్పుకు తాలింపు వేస్తుంటే, ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చున్న మా అమ్మాయి ఉన్నట్టుండి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న ఎప్పుడో కట్టిన గిటారు వరస పాత డిస్కులో దొరికిందట, దాన్ని తన కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరవగానే పేజీ నిండా ఎర్ర గీతలు పడ్డాయట. మనిషి చేతికి అందని స్వరాలు రాస్తే ఈ కాలపు సాఫ్ట్‌వేర్ తనంతట తానే కింద గీత గీస్తుందట, ఒక్క మీట నొక్కితే అన్నిటినీ చేతికి అందేలా సర్దేస్తుందట. "నోబడీ కుడ్ ప్లే దిస్, అమ్మా. విల్ ఐ ఫిక్స్ ఇట్?" అంది, ఇక్కడ పుట్టిన పిల్ల కదా, ఇక్కడి యాసలోనే. నేను గరిటెతో సహా పరుగెత్తి, దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోనని కేకేశాను. పిల్ల బిత్తరపోయింది, పొయ్యి మీద తాలింపు మాడింది.

ఆ వరస కట్టిన రోజుల్లో నాలాగా ఈ దేశం వచ్చిన డాక్టర్లు మీలో ఎవరైనా ఉంటే చెప్పక్కర్లేదు, ఆరు నెలలకో ఆసుపత్రి, ఆసుపత్రికో ఊరు, జనవరిలో అట్టపెట్టెలోంచి తీసిన కుక్కరు జూలైలో మళ్ళీ అట్టపెట్టెలోకే. నేనైనా డ్యూటీకి వెళ్ళి నలుగురితో మాట్లాడేదాన్ని, మా ఆయనకు అదీ లేదు. డాక్టరు భార్య వెంట వచ్చిన భర్తకు అప్పట్లో పని చేసే అనుమతి ఉండేది కాదు. హైదరాబాదులో ఆఫీసునంతా పరుగులు పెట్టించిన మనిషి, అత్లోన్‌లోని మా అద్దె ఇంట్లో వంటగది నుంచి కిటికీకి, కిటికీ నుంచి వంటగదికి తిరుగుతూ, వాన తగ్గిందో లేదో చూడటమే ఉద్యోగంగా బతికారు.

కాలేజీ ఆర్కెస్ట్రాలో ఆయన కీబోర్డు వాయించేవారు. విమానంలో బరువు సరిపోక దాన్ని అక్కడే వదిలేసి వచ్చి, స్నేహితుడెవరో ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌తో లాప్‌టాప్‌లో గిటారుకు వరసలు కట్టడం మొదలుపెట్టారు. తెర మీద ఆరు గీతలు, అంటే ఆరు తీగలు, ఏ గీత మీద ఏ అంకె వేస్తే ఆ తీగను ఆ మెట్టు దగ్గర నొక్కినట్టు మోగుతుంది. ఈయన జన్మలో గిటారు ముట్టుకున్న మనిషి కాదు, పది వేళ్ళకూ పనిచెప్పే కీబోర్డు బుర్రతో అంకెలు వేసుకుంటూ పోయేవారు. లాప్‌టాప్‌కేం, దానికి వేళ్ళా పాడా, ఏది రాస్తే అది నోరెత్తకుండా వాయించేది. ఒక ముక్క పట్టుకుని, స్వరం తీసి, మళ్ళీ పెట్టి, వేగం పెంచి, తగ్గించి, పొద్దస్తమానం అదే. డ్యూటీ నుంచి వచ్చి సంచీ దించకముందే ఆ ముక్క చెవిన పడితే, లాప్‌టాప్‌ను తీసుకెళ్ళి ఊరి మధ్య నదిలో పడేయాలన్నంత చిరాకు వచ్చేది.

ఒకరోజు అన్నం తింటూ తలెత్తకుండా అన్నారు, "జూలైల నువ్వు కొత్త ఊరికి పో, నేను హైదరాబాద్ పోత. ఈడ గోడల మొఖం చూసుకుంట ఎన్నొద్దులు కూసోవాలె?" కోపం వచ్చిందని చెప్పుకోవాలని ఉంది గాని, వచ్చింది భయం. ఉద్యోగం వదల్లేను, ఆయన్ని పొమ్మననూ లేను, ఉండమని ఏ మొహం పెట్టుకుని అడగను? ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గిపోయాయి, లాప్‌టాప్ మోత మాత్రం పెరిగింది.

అలాంటి ఒక శనివారం ఎవరో తలుపు కొట్టారు. మాది పక్కింటితో ఒకే గోడ పంచుకున్న ఇల్లు. చూస్తే పక్కింటి పెద్దాయన, చెత్తడబ్బా బయట పెట్టేటప్పుడు చెయ్యెత్తి పలకరించుకోవడం తప్ప పరిచయం లేదు. ఇంకేముంది, గోలకు విసిగి వచ్చాడు, ఇంటి ఓనరుకు చెబుతాడు, లీజు గోవిందా అనుకుని, ఆయన నోరు తెరవకముందే సారీల మీద సారీలు చెప్పాను. ఆయన అవేవీ వినిపించుకోలేదు. చిన్నప్పటి నుంచి గిటారు వాయిస్తున్నాడట, నెలల తరబడి గోడలోంచి మా వరస వింటూ అటువైపు కూర్చుని పట్టుకోవాలని చూస్తున్నాడట, ఎంత తంటాలు పడ్డా మధ్యలో వేళ్ళు అందడం లేదట. ఆ వాయించే మనిషి చేతులు ఒక్కసారి చూపిస్తారా అని, టోపీ చేత్తో పట్టుకుని, సిగ్గుపడుతూ అడిగాడు.

మా ఆయన మేడమెట్ల మీద నుంచి విని పైకి జారుకోబోయారు. చొక్కా పట్టుకుని లాక్కొచ్చాను. లాప్‌టాప్ తెరిచి చూపిస్తే పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూసి, ఆ తర్వాత మెట్ల మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. దీన్ని వాయించాలంటే మనిషికి మూడు చేతులు ఉండాలన్నాడు. కానీ వరస మాత్రం గ్రాండ్ అన్నాడు, ఆ మాట రెండుసార్లన్నాడు. మా ఆయన మొహంలో నేను నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో!

మర్నాడు సాయంత్రం పెద్దాయన రెండు గిటార్లతో వచ్చాడు. వరసను రెండుగా పంచి, ఒక సగం తను ఉంచుకుని, రెండో సగం మా ఆయన చేతుల్లో పెట్టాడు. ఈయనకు వేళ్ళు బొబ్బలెక్కాయి, తిట్టుకున్నారు, విసిరికొట్టినంత పని చేశారు, మళ్ళీ తీసుకున్నారు. ఇద్దరూ మొదటిసారి చివరిదాకా వాయించిన రోజు ఒకరు ముందు, ఒకరు వెనక ముగించి, తప్పు నీదంటే నీదని వాదించుకుంటుంటే, నేను వంటగదిలో నిలబడి ఏడ్చాను, సాకు చెప్పడానికి దగ్గర్లో ఉల్లిపాయ కూడా లేదు. జూలైలో నాకు గాల్వేలో పని వచ్చింది. హైదరాబాదు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. శనివారం వస్తే ఆయన గిటారు భుజాన వేసుకుని అత్లోన్ రైలెక్కేవారు.

తర్వాత అనుమతి వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఈ ఇల్లూ వచ్చింది. పెద్దాయన కన్నుమూసి చాలా కాలమైంది, ఆయన ఇచ్చిన గిటారు పైన ప్రెస్‌లో దుప్పట్ల వెనక ఉంది, ఇక్కడ అల్మారాను ప్రెస్ అంటారు. మా ఆయనకు మీటింగుల మధ్య భోంచేయడానికే తీరిక లేదు. ఇదంతా మా అమ్మాయికి చెప్పి, ఆ రోజుల్లో ఈ ఎర్ర గీతలే ఉండి ఉంటే మీ నాన్న ఆ వరసను అప్పుడే సరిదిద్దేసేవారు, పెద్దాయన అటువైపు కూర్చుని రెండు రోజుల్లో పట్టేసుకునేవాడు, మా తలుపు కొట్టే పనే ఉండేది కాదు అన్నాను. అది ఫైలును సర్దకుండానే మూసేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన పనిలో పడింది. ముందుగదిలో చడీచప్పుడూ లేదు. గరిటె పట్టుకుని మాకూ పక్కింటికీ మధ్య ఉన్న గోడ వైపే చూస్తూ నిలబడ్డాను. ఈ ఇంటికి వచ్చి ఇన్నేళ్ళయినా, అవతల ఉండేది ఎవరో నాకు తెలియదు.