మస్తాన్ మామ చిలక

నానిన శనగల వాసన తగిలితే ఈ వయసులోనూ నా చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది.

యుద్ధం నడుస్తున్న రోజులు. నరసరావుపేటలో మా పక్కింటి మస్తాన్ మామ ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. ఆయన తన చిలకకు రెక్కలు కత్తిరించలేదు. పొద్దున్నే పంజరం తెరిచి వదిలేవాడు. అది చింతచెట్ల మీదుగా తిరిగి, ఆయన ఈల వెయ్యగానే చేతి మీద వాలి శనగలు తినేది. ఎగిరే ముందు మాత్రం దానికి గింజ కూడా పెట్టేవాడు కాదు.

ఎనిమిదేళ్ళ పిల్లని, నాకది చానా అన్యాయమనిపించింది. ఒకరోజు ఆయన లేవకముందే దానికి కడుపునిండా శనగలు తినిపించాను.

ఆ పూట ఎంత ఈల వేసినా చిలక రాలేదు. మామ పంజరంలో శనగపొట్టు చూశాడు. తిడతాడనుకున్నాను.

"ఏందమ్మాయ్, కడుపు నింపింది నువ్వేగా? ఇక నువ్వే పిలువు," అన్నాడు.

శనగలు పట్టుకుని సాయంత్రందాకా అరుగు మీదే కూర్చున్నాను. పొద్దుగూకే వేళకు చిలక వచ్చి నా చేతి మీద వాలింది. అప్పట్నుంచి ఆయన పిలిచినా నా దగ్గరికే వచ్చేది. "మామకంటే నేనంటేనే దానికి ఇష్టం" అని వీధంతా చెప్పుకు తిరిగాను.

మామ ఈల వెయ్యడం మానేశాడు. శనగలు నానబెట్టడం మాత్రం మానలేదు. రోజూ గిన్నె తెచ్చి మా అరుగు మీద పెట్టి, తన గుమ్మంలో నిలబడి, అది నా చేతిలో తింటుంటే చూసేవాడు.

నేను ఒక్కసారైనా ఆయన్ని రమ్మనలేదు.