తాళం వేసిన డి డ్రైవ్

ఆ ఫొటో స్టూడియో ఆయన్ని అందరూ కదలొద్దు బాబాయి అంటారు. కెమెరా వెనక తల పెట్టగానే ఆయన నోట వచ్చే మొదటి మాట అదే మరి. చంటిపిల్లకైనా, పండు ముసలికైనా "కదలొద్దు" అని చెప్పాల్సిందే. ముసలివాళ్ళు ఎలాగూ కదలరు, అయినా ఈయన అనడం మానడు. అంతటి మనిషికి ఒకరోజు కంప్యూటర్ ముందు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

బడిపిల్లల గ్రూపు ఫొటోలు సాయంత్రానికల్లా ఇస్తానని హెడ్మాస్టరమ్మకు మాటిచ్చాడు. ముఖాలు దిద్ది, సేవ్ చెయ్యబోతే చోటు లేదు పొమ్మంది కంప్యూటర్. చూస్తే సి డ్రైవ్ ఎర్రగా నిండిపోయి ఉంది. డెస్క్‌టాప్ మీద పోగేసినవన్నీ ఇ డ్రైవ్‌లోకి మార్చాడు. చెత్తబుట్ట ఖాళీ చేశాడు. అయినా ఎరుపు తగ్గలేదు. ఇ డ్రైవ్ చూస్తేనేమో సగానికి పైగా బోసిగా ఉంది. పోనీ అందులోనే సేవ్ చేద్దామంటే, సి డ్రైవ్‌లో చోటుంటేగానీ కుదరదని ఫొటోలు దిద్దే ప్రోగ్రాం మొరాయించింది. ఒకే పెట్టెలో ఒక మూల ఊపిరాడకపోవడమేమిటో, ఇంకో మూల ఈగలు తోలుకోవడమేమిటో ఆయనకు అంతు పట్టలేదు.

ఎవరో పెట్టిన వీడియో చూసి, గుండె చిక్కబట్టుకుని ఇ డ్రైవ్‌ని కుదించాడు. నిజంగానే బోలెడంత ఖాళీ జాగా విడిగా కనబడింది. ఆ జాగా సి డ్రైవ్‌కి ఇద్దామని చూస్తే, ఇచ్చే మీట వెలవెలబోయి ఉంది. నొక్కితే ఉలకదు, పలకదు. ఇటు ఇ డ్రైవ్ చిన్నదైపోయింది, అటు సి డ్రైవ్ పెద్దది కాలేదు. అయ్యవారిని చెయ్యబోతే కోతి అయిందని తల పట్టుకున్నాడు.

కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేస్తే అతను విడమరిచి చెప్పాడు. సి డ్రైవ్ పెరగాలంటే ఖాళీ జాగా దాన్ని ఆనుకుని ఉండాలిట. ఈయన తీసిన జాగా ఆ చివరెక్కడో ఉంది. ముందు గది ఇరుకైతే పక్క గది గోడ తీసి కలుపుకోవచ్చు కానీ, పెరటి గదిని తెచ్చి కలపలేం కదా అన్నాడు. మధ్యలో డి డ్రైవ్ ఉంది. అడ్డమంతా అదే.

డి డ్రైవ్ మాట వినగానే బాబాయి ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు. అది వాళ్ళన్నయ్యది. కంప్యూటర్ కొన్నప్పుడు అన్నయ్యే కూర్చుని, సి మెషీనుకి, డి నాకు, ఇ నీకు అని పంచాడు. తర్వాత ఫొటోల వెనక కట్టే ఒక పరదా దగ్గర మాటామాటా పెరిగింది. మెట్లూ, పూలతోటా వేసి నాన్న తన చేత్తో రంగులద్దిన పరదా అది. కాలం చెల్లింది, తీసేసి తెల్లగుడ్డ కడదామని అన్నయ్య. నేను బతికుండగా జరగదని ఈయన. అన్నయ్య వెళ్ళి రెండు వీధులవతల వేరే స్టూడియో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ డి డ్రైవ్‌కి తాళం వేశాడు. అమ్మ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయని బాబాయి నమ్మకం. కంప్యూటర్ తెరిచినప్పుడల్లా ఆ తాళం బొమ్మ కనబడుతుంది, ఈయన కడుపు మండుతుంది. అమ్మకి తాళం వేసి పోయాడు చూడు అని పెళ్ళాం దగ్గర సణుగుతాడు. అంతేగానీ, వెళ్ళి తాళం అడిగిన పాపాన పోలేదు.

"తాళం తియ్యక్కర్లేదు బాబాయ్, తాళంతో సహా లేపెయ్యొచ్చు. లోపలున్నవి పోతాయి, అంతే," అన్నాడు ఫోన్లో అతను. అంతేనట!

ఒక పక్క హెడ్మాస్టరమ్మ, ఒక పక్క అమ్మ. మౌస్ మీద వేలు పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. లోపలినుంచి పిన్ని వచ్చి విషయం విని, అడిగితే మీ నోటి ముత్యాలేం రాలిపోవు, వెళ్ళి రండి అంది. కోపగించుకోవాలో, బయల్దేరాలో తేల్చుకోలేక, రెండూ చేస్తూ చెప్పులు వేసుకున్నాడు.

అన్నయ్య తన స్టూడియోలో లైట్లు సర్దుకుంటున్నాడు. దారి పొడుగునా బాబాయి కూడబలుక్కున్న మాటలు గుమ్మంలోనే ఎగిరిపోయాయి.

"డి డ్రైవ్ తాళం కావాలి," అన్నాడు, నిన్ననే మాట్లాడుకున్నట్టు.

అన్నయ్య ఎందుకని అడగలేదు. లైట్లు ఆర్పి వెంట వచ్చాడు. పాత స్టూడియోలోకి వచ్చి, నాన్న పరదా వైపు ఒకసారి చూసి, కుర్చీ లాక్కుని పాస్‌వర్డ్ కొట్టాడు. మర్యాదకి బాబాయి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

డ్రైవ్ తెరుచుకుంది. లోపల ఏమీ లేదు. ఒక్క ఫోల్డర్ కూడా లేదు. పాడైపోయిందేమోనని బాబాయి మూసి మళ్ళీ తెరిచాడు. అదే ఖాళీ.

"అమ్మ ఫొటోలేవి?"

"నా దగ్గరున్నాయి. ఆరోజే తీసుకెళ్ళాను."

"మరి ఖాళీదానికి తాళమెందుకు వేశావ్?"

అన్నయ్య తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. "తాళం కోసమైనా వస్తావనుకున్నాన్రా. వస్తే ఫొటోలిద్దామనుకున్నాను. నువ్వు రాలేదు."

తిట్టాలంటే ఎవర్ని తిట్టాలి? ఆ తాళాన్ని చూసి ఇన్నేళ్ళు ఉడికిపోయింది తను. అది తనని పిలవడానికి వేసిందట. ఇంత చిన్న సంగతి అడిగితే తేలిపోయేది కదా, ఎందుకు అడగలేదో ఎంత ఆలోచించినా తట్టలేదు. కళ్ళు మాత్రం మసకబారాయి.

అన్నయ్యే డి డ్రైవ్ తీసేశాడు. వెలవెలబోయిన మీటకి ప్రాణం వచ్చింది. సి డ్రైవ్ ఎరుపు పోయింది, పిల్లల ఫొటోలు సేవ్ అయ్యాయి. ఇక పనైపోయిందన్నట్టు అన్నయ్య కుర్చీలోంచి లేవబోయాడు.

బాబాయికి చాలా చెప్పాలని ఉంది. తప్పు నాదే అనాలి, పరదా సంగతి మాట్లాడాలి, భోంచేసి వెళ్ళమనాలి. ఒక్కటీ నోటికి రాలేదు.

"కదలొద్దు," అన్నాడు.

అన్నయ్య మళ్ళీ కూర్చున్నాడు.