జీతం కాదు, పంట

పెద్దమ్మ పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసినప్పుడు నేను ఆదిలాబాద్ బస్టాండులో ఉన్నాను. "పండుకున్న కాడనే పానం పోయింది. నీ నంబర్ అత్తమ్మ ఫోన్ల దొరికింది" అంది. పదకొండో రోజు ఎప్పుడో చెప్పి పెట్టేసింది.

ఆమె నాకు చుట్టం కాదు. కరీంనగర్‌లో డిగ్రీ చదివిన మూడేళ్లూ వాళ్ల మేడ మీది గదిలో కిరాయికున్నాను. పెద్దమ్మా అని పిలవమని ఆమే చెప్పింది.

మాది బెల్లంపల్లి. బాపు బొగ్గు బాయిలో కాంట్రాక్టు కూలి. నెల జీతం, నెల సరుకులు, నెలాఖరున చేబదులు. మా ఇంట్లో అందరం నెల లెక్కనే బతికాం. స్కాలర్‌షిప్ కాగితంలో 'నెలకు ఇంత' అని ఉంటే, ఒకటో తారీఖున జీతంలాగా పడుతుందనుకున్నాను. ఆ ధైర్యంతో, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బు పెట్టి పుస్తకాలు కొన్నాను. మూడు నెలలు గడిచినా ఏమీ పడలేదు. కాన్వెంటు చదువు నాది. ఎవరినీ ఏదీ అడగకపోవడమే మంచి నడవడి అనుకునేదాన్ని. పొద్దున టీ, సాయంత్రం అటుకులు. చివరికి చదువు మానేద్దామని బట్టలు సర్దుకుని, కిరాయి ఇవ్వలేనని చెప్పడానికి కిందికి దిగాను.

పెద్దమ్మ బియ్యం చెరుగుతోంది. అంతా విని చేట పక్కన పెట్టింది.

"నెలనెలా ఏస్తమని నీకెవ్వరు చెప్పిండ్రే?"

"కాగితంలో ఉంది పెద్దమ్మా."

"కాగితంల ఎన్నన్న ఉంటయి. మా సుల్తానాబాద్‌ల వరి నెలనెలా కోస్తమా? పైస కండ్ల పడ్డప్పుడే ఏడాదికి చూసుకోవాలె. నీది జీతం గాదు బిడ్డా, పంట."

"అది వచ్చేదాకా?"

"వచ్చేదాకా కిరాయి అడుగుతనా? గీ నాలుగు సోలల బియ్యం తీస్కపో, అయినంక మల్ల కొలుస్త. బదులే, ఊకెనే గాదు. పో, బట్టలు మల్ల దండెం మీదెయ్యి."

చలికాలం వెళ్లాక డబ్బంతా ఒక్కసారే పడింది. నా చూపు పుస్తకాల షాపు వైపు పోతుంటే ఆమె చెయ్యి పట్టుకుని, ధాన్యం కొట్లుండే గంజ్‌కు తీసుకుపోయింది. "బుక్కులు నానబెట్టుకొని తింటవా?" అని దారిపొడవునా వెక్కిరించింది. ముందు ఏడాదికి సరిపడా బియ్యం, చింతపండు, కారం. తర్వాత పరీక్ష ఫీజు. ఆ తర్వాతే పాత కిరాయి తీసుకుంది. బస్తాను మేడెక్కించాక మెట్ల మీద కూలబడి, "ఇగ ఆకలి నిన్ను ఎల్లగొట్టది. నువ్వే పోతనంటే నీ ఇష్టం" అంది. నేను సోలలు కొలిచి బియ్యం తిరిగి ఇస్తే, ఎక్కువొచ్చిన గుప్పెడు నా గిన్నెలోనే పోసింది.

మా ఇంట్లో తిను అని ఆమె ఎప్పుడూ అనలేదు. మొదట్లో అది నన్ను కొంచెం బాధపెట్టింది. కొడుకూ కోడలూ దుకాణంలో ఉండే సాయంత్రాలు కింది నుంచి కేకేసేది: "నీ పల్లెం పట్టుకొని రా. ఎవరి అన్నం వాళ్లం తిందం, ముచ్చట్లు మాత్రం కలిపి తిందం." ఎవరితోనూ మాట్లాడలేని నేను, ఆ ఊళ్లో మాట్లాడింది ఆమె ఒక్కదానితోనే.

డిగ్రీ అయింది. ఇప్పుడు ఆదిలాబాద్‌లో చిన్న ఉద్యోగం, నెలనెలా జీతం. వెళ్లి చూసి రావాలని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. పదకొండో రోజుకు వెళ్లాను.

ఇంటి ముందు టెంటు వేశారు. నాకు తెలిసిన ముఖం కోడలిది ఒక్కటే. ఆమె పనిలో ఉంది. వడ్డిస్తున్న ఒకామె నా దగ్గర ఆగి, "నువ్వేమైతవమ్మా ఆమెకు?" అని అడిగింది.

"కిరాయికుండేదాన్ని" అన్నాను.

"ఔనా" అని, ఇంత అన్నం వేసి ముందుకు వెళ్లింది.

పక్కవాళ్లు తమ చుట్టాల గురించి మాట్లాడుకుంటూ తిన్నారు. కాసేపటికి బంతి మొత్తం ఒక్కసారిగా లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. ఖాళీ విస్తళ్ల వరుసలో నేను ఒక్కదాన్నే కూర్చుని, ఆ ఇంట్లో వండిన అన్నం మొదటిసారి, ఒక్క మెతుకూ మిగల్చకుండా, మెల్లగా తింటూ ఉన్నాను.