శుక్రవారం నూనె వాసన

జిపార్ అమ్మానాన్నలూ అత్తమామలూ నిక్షేపంగా ఉన్నారు. అయినా ఏడేళ్ళుగా ఆమె ప్రతి శుక్రవారం నూనె మరిగించి బోర్సోక్‌లు, అంటే పొంగే పిండి ముక్కలు, వేయిస్తోంది. ఆ వాసన పోయినవాళ్ళకు అందుతుందని నరీన్ కొండల్లో అందరి నమ్మకం. ఎవరికోసమని అడిగితే మాత్రం ఆ ఊరికి నర్సయిన జిపార్ నోరు విప్పదు.

ఏడేళ్ళ కిందటి చలికాలంలో ఊరంతా ఫ్లూ. జిపార్ పక్కింటికి వెళ్ళేసరికి ఆ ఇంటి పిల్లలిద్దరూ ముప్పై తొమ్మిది డిగ్రీల జ్వరంతో కాలిపోతున్నారు. నాయనమ్మ బుబుసారా గోడకు ఆనుకుని ఆయాసపడుతోంది. ఆమెకు థర్మామీటరు పెడితే ముప్పై ఆరే చూపించింది.

"నాకేం పుట్టిందే? గుండ్రాయిలా ఉన్నా. పిల్లల్ని చూడు. రొట్టె కొరక్కుండా గడప దాటావో, ఊరుకోను!"

జిపార్ ఆనవాయితీ తప్పకుండా రొట్టె తుంచుకుని నవ్వుతూ వెళ్ళిపోయింది. పిల్లలు లేచి తిరిగారు. బుబుసారా నాలుగో రోజున పోయింది.

ఆ వారమే పట్నంలో శిక్షణకు వెళ్తే ఒక డాక్టరమ్మ చెప్పింది. వైరస్ సోకిన కణం తాను చచ్చేలోపు పక్క కణాలను హెచ్చరిస్తుందట, అవి తలుపులు బిగించుకుంటాయట. కాపలా కణాలు శత్రువు ఎవరో తెలియకుండానే మీద పడతాయి, జ్వరం రగిలించేదీ అవే. మంద దగ్గర కుక్కల్లాంటివన్నమాట. ముసలి ఒంట్లో జ్వరం లేకపోయినా జబ్బు ఉండొచ్చు; ముసలి కుక్క మొరగలేదంటే తోడేలు రాలేదని కాదు. ఆ రోజునుంచీ బుబుసారా ఆయాసం జిపార్ చెవులను వదల్లేదు. చల్లటి నుదురు తాకితే చాలు, ఆమెకు భయం.

ఈ శుక్రవారం బాణలి ముందు నిలబడి కిటికీలోంచి చూసింది. బుబుసారా భర్త కాల్మత్ గుర్రానికి జీను కడుతూ రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. జిపార్ నూనె చేతులతోనే పరుగెత్తింది. థర్మామీటరు ముప్పై ఆరు.

"పెదనాన్నా, ఆసుపత్రికి పద."

"జ్వరమే లేదుగా! గొర్రెలకి మేత ఎవడేస్తాడు, నీ మొగుడా?"

నిజం చెబితే ఆయన మళ్ళీ తన ముఖం చూడడు. చెప్పకపోతే బుబుసారాలాగే ఆయనా దక్కడు.

"పెద్దమ్మకీ ఇంతే చూపించింది. ఆయాసం కళ్ళారా చూసి కూడా వదిలేశాను. తప్పు నాదే."

కాల్మత్ జీను పట్టీ విప్పేశాడు.

"మీ పెద్దమ్మ చనిపోయిన వారం నుంచేగా నువ్వు వేయించడం మొదలెట్టావు. ఆ వాసన ఎవరికోసమో నాకు తెలీదనుకున్నావా? బండి తియ్యి. ముందు నీ మొగుణ్ణి పొయ్యి దగ్గర కూర్చోబెట్టు. ఆ వాసన కోసం మీ పెద్దమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది."